ఆ ఒక్క ఆదివారం

"ఆ ఆదివారం తీసెయ్యమ్మా" అన్నారు గైడు భవానీప్రసాద్, గ్రాఫు మీద ఒక చుక్కను పెన్సిలు చివరతో తడుతూ.

ఆ చుక్క మిగతా వాటికి దూరంగా కాగితం పై అంచు దగ్గర ఒంటరిగా ఉంది. కింద ఇరవయ్యారు చుక్కలు గీత పక్కనే బుద్ధిగా సర్దుకుని కూర్చున్నాయి. కృపాజ్యోతి చుక్క వైపు చూడలేదు. సారు మంచినీళ్ల గ్లాసు మీది స్టీలు మూత వైపు చూస్తూ నిలబడింది.

"నీ మోడల్ చెప్పినదానికీ, స్విచ్ నిజంగా చూపించినదానికీ రెండు శాతం కూడా తేడా లేదు. ఇంతకంటే ఏం కావాలి? ఈ ఒక్కటి కలిపామనుకో, ఎగ్జామినర్ మొత్తాన్నీ అనుమానిస్తాడు. అది డేటా కాదు, వరద."

"అవునండి."

"సోమవారం సబ్మిట్ చేసేద్దాం. ఇరవయ్యేడో ఆదివారం ఎందుకు వదిలేశామో ఒక వాక్యం రాసెయ్. కారణం రాయకుండా ఏదీ ఆపకూడదు, ఏదీ తీసెయ్యకూడదు అని నువ్వే కదా రూలు పెట్టావు."

ఆయన చెడ్డమనిషి కాదు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డమనిషైతే తిట్టుకునైనా బతకొచ్చు. నిరుడు ఆమె మొగుడు క్రాంతికుమార్ శవపెట్టె వెనక, వానలో, చెప్పులు చేత్తో పట్టుకుని సమాధుల దొడ్డి దాకా నడిచిన మనిషి ఆయన. ఈరోజు అతను పోయిన ఆదివారాన్ని పెన్సిలుతో కొట్టేస్తున్నారు. రెండూ మనస్ఫూర్తిగానే చేశారు.

"సోమవారం చెప్తానండి" అని కాగితాలు తీసుకుని బయటికొచ్చింది.

నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో బ్యాగు, బ్యాగులో నూట అరవై పేజీల థీసిస్. వెలుగును వెలుగుగానే ఒక ఫైబర్‌లోంచి ఇంకో ఫైబర్‌లోకి మళ్లించే స్విచ్ మీద చేసిన పని అది. మామూలు స్విచ్‌లో రద్దీ పెరిగితే సమాచారం కాసేపు మెమొరీలో ఆగుతుంది. వెలుగును అలా నిలబెట్టలేం. దారి ఖాళీగా ఉంటే పోతుంది, లేకపోతే రాలిపోతుంది. రాలిపోతే పంపినవాడే మళ్లీ మొదటినుంచి పంపుకోవాలి. ఎంత రద్దీ ఉంటే ఎన్ని రాలిపోతాయో ముందుగా చెప్పే లెక్క ఆమెది.

పెళ్లయిన కొత్తలో ఇదంతా మొగుడికి చెప్పడానికి ఆమె మూడు కాగితాలు ఖర్చుపెట్టింది. క్రాంతి విని, "అంటే పెనుగంచిప్రోలు ఆటో. నిండితే ఆగడు. కాకపోతే మన ఊళ్లో నిలబడటానికి స్టాండన్నా ఉంటది, నీ వెలుగుకి అదీ లేదు" అన్నాడు. తన ఏడేళ్ల చదువులో అంత బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదని ఆమె ఒప్పుకుంది.

క్రాంతి జగ్గయ్యపేటలో ఒక కేబుల్ నెట్ ఆఫీసు టెక్నీషియన్. కాలేజీ ప్రాజెక్టు స్విచ్‌ని ఆ ఆఫీసు వాళ్ల లైను మీద పెట్టనిచ్చేలా ఒప్పించింది అతనే. పెనుగంచిప్రోలులో ఒక మేడ మీద గదిలో దాన్ని బిగించాడు. ఆదివారం పదింటి నుంచి పన్నెండున్నర దాకా మనవాళ్లంతా చర్చిలో ఉంటారు, లైను ఖాళీగా ఉంటది, అప్పుడు నీ దొంగ రద్దీ వదులుకో అన్నాడు. దొంగ రద్దీ అంటే పరీక్ష కోసం కంప్యూటర్ పుట్టించే ఉత్తుత్తి సమాచారం. ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరే ముందు లాప్‌టాప్‌లో మీట నొక్కి, ఫోను సైలెంటులో పెట్టుకుని ఆమె వెళ్లేది.

ఇరవయ్యేడో ఆదివారం పొద్దున మున్నేరు పొంగుతోందని గదిలో సామాను చూసుకోవడానికి క్రాంతి ముందే బయల్దేరాడు. "ఈ వారం ఆపనా?" అని అడిగింది. "వద్దులే. ఒక్క వారం పోతే సీరీస్ తెగుద్ది అని నెలంతా నన్నే సాధిస్తావు" అని నవ్వి బండి తీశాడు.

స్విచ్ రికార్డు పరీక్ష నడిచినంతసేపే ఉంటుంది, అది ఆమె దగ్గర ఉంది. పది ఇరవై నుంచి పది నలభై ఒకటి దాకా పెనుగంచిప్రోలు నుంచి నూట ఎనభై ఎనిమిది సార్లు కాల్స్ కోసం ప్రయత్నం జరిగింది. నూట డెబ్భై ఒకటి రాలిపోయాయి. దారులు నాలుగే. నాలుగింట్లోనూ ఆమె దొంగ రద్దీయే నిండి ఉంది.

రాలిపోయిన కాల్ అవతలి ఫోనులో మిస్డ్‌కాల్‌గా కూడా కనిపించదు. అందుకే చర్చి నుంచి వచ్చి చూసుకుంటే ఫోనులో ఏమీ లేదు. ఉప్పు ప్యాకెట్ ఏ కొట్లో కొనాలో కూడా ఫోను చేసి అడిగే మనిషి చుట్టూ నీళ్లు వస్తుంటే చెయ్యకుండా ఉంటాడా? చేసే ఉంటాడు. తను అడ్డం పడింది. ఏడాదిగా ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తన రద్దీ లేకపోతే ఆ కాల్స్ వచ్చేవా అన్నది నిమిషంలో చెప్పగలిగే మోడల్ ఆమె చేతిలోనే ఉంది. ఒక సంఖ్య మార్చి మీట నొక్కితే చాలు. ఆ ఒక్కటే ఆమె చెయ్యలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి చేరేసరికి రత్నబాబు వరండాలో స్టూలు అంచున కూర్చుని ఉన్నాడు. క్రాంతితో కలిసి స్తంభాలెక్కిన మనిషి. కాళ్ల దగ్గర ఎరువుల సంచి. మామగారు ఆశీర్వాదం మాస్టారు అతనికి టీ ఇచ్చి, పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు.

"ఆఫీసులో పాత సామానంతా తీసేస్తున్నారు వదినా" అన్నాడు రత్నబాబు, లేచి నిలబడి. "ఇది అన్న గదిలోది. వైఫై పెట్టె. మేడ మీద ఉంది కదా, నీళ్లు తగల్లేదు. పాడేస్తుంటే తెచ్చా."

సంచిలోంచి తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. పెట్టె అంచు మీద క్రాంతి చేతిరాతతో చిన్న కాగితం అంటించి ఉంది: 'కారణం రాయకుండా ఆపరాదు. ఆజ్ఞ: మేడమ్ గారు.' ఒకసారి తనకు చెప్పకుండా అతను ఈ పెట్టెలోంచి పరీక్ష ఆపేసినందుకు ఆమె రెండు రోజులు మాట్లాడకపోతే, ఆ మర్నాడు అంటించాడు దాన్ని.

జ్యోతి ఆ కాగితం మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

"ఇంకో మాట" అన్నాడు రత్నబాబు. మాస్టారి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పదింటికే వచ్చెయ్యమని చెప్పాం, మాట వినకుండా తనంతట తనే ఉండిపోయాడు అని ఆఫీసు రిపోర్టు రాసింది కదా. కింద సాక్షి సంతకం నాది. ఆ పొద్దున అన్నకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు వదినా. పెట్టమన్నారు, పెట్టా."

తిడుతుందేమోనని ఆగాడు. ఆమె తిట్టలేదు. తిట్టే అర్హత తనకుందో లేదో ఆమెకే తెలియదు.

"టీ చల్లారిపోతుంది రత్నం, తాగు" అంది.

శనివారం మధ్యాహ్నం మాస్టారు భోంచేసి నడుం వాల్చాక, జ్యోతి వంటింటి బల్ల తుడిచి లాప్‌టాప్ తెరిచింది. తెరిచి, లేచి పప్పుగిన్నె కడిగింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచి కడిగిన గిన్నెనే ఇంకోసారి కడిగింది. తనమీద తనకే చీదర పుట్టి, చేతులు కూడా తుడుచుకోకుండా కూర్చుని, పరీక్ష రద్దీ అన్న గడిలో ఉన్న సంఖ్యను చెరిపి సున్నా వేసింది. మీట నొక్కింది.

నూట ఎనభై ఎనిమిదికి రాలిపోయేవి నాలుగు.

మోడల్ తేడా రెండు శాతం లోపే. సారే మెచ్చుకున్నారు. ఎంత బాగా చేసుకున్నావు తల్లీ నీ లెక్క, అనుకుంది. అసలు తప్పు పోనివ్వని లెక్క. నోట్లో కొంగు కుక్కుకుంది, పక్క గదిలో మాస్టారు లేస్తారని. ఏడాది దాచుకున్న ఏడుపు శబ్దం లేకుండా ఏడవడం చాలా కష్టం, పక్కటెముకలు నొప్పెట్టాయి.

చాలాసేపటికి, ఎలాగూ సగం చచ్చాను, మిగతాది కూడా చూస్తానని రత్నబాబు తెచ్చిన పెట్టెకు వైరు తగిలించింది. స్విచ్ ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో మాత్రమే చెబుతుంది. ఈ పెట్టె ఎవరివో కూడా చెబుతుంది. వైఫై వాడుకోవాలంటే పేరు రాయాలి కాబట్టి, ఆ రోజు సెల్ టవరు పోయి మేడ ఎక్కిన వాళ్లందరి పేర్లూ క్రాంతే కొట్టినట్టున్నాడు. బసవమ్మ పిన్ని. మిర్చి సుబ్బులు. గాజుల కొట్టాయన. మందుల షాపు తాత. బసవమ్మ పిన్ని మనవరాలు. అలా ఎక్కినవాళ్లవి ఇరవై మూడు పేర్లు. ఒక్కో పేరు కింద ఏ టైముకు ప్రయత్నించారు, పోయిందా రాలిందా అని వరసగా ఉంది.

నూట ఎనభై ఎనిమిదీ వీళ్లవే. ఒక్కటీ తక్కువ లేదు.

పది నలభై ఒకటి దగ్గర ఒక వరస వేరుగా ఉంది. ఇంట్లో కరెంటు పోయి తన లాప్‌టాప్ ఆగిపోయి ఉంటుందని ఆమె ఇన్నాళ్లూ అనుకున్న నిమిషం అది. 'పరీక్ష రద్దీ ఆపబడింది. ఆపినది: క్రాంతి.' పక్కన కారణం గడిలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'జనం మాట్లాడుకోవాలి. జ్యోతికి తర్వాత చెప్పాలి.'

ఆ తర్వాత ఎవరిదీ రాలిపోలేదు. పదకొండుకి గాజుల కొట్టాయన, పదకొండూ పదికి సుబ్బులు. చివరి కాల్ పన్నెండూ పదికి బసవమ్మ పిన్నిది, రెడ్డిగూడెం నంబరు. అందరివీ వెళ్లాయి. లైను పన్నెండూ ముప్పై నాలుగు దాకా బతికే ఉంది.

ఇరవై నాలుగో పేరు క్రాంతి. పొద్దున తొమ్మిదీ యాభై రెండుకి చేరాడు, పన్నెండూ పదిహేడుకి ఫోను అందకుండా పోయింది. ప్రయత్నాలు: సున్నా.

జ్యోతి ఆ సున్నాను చాలాసేపు చూసింది. తను అడ్డం పడలేదు. అడ్డం పడటానికి అతను పిలిస్తే కదా! ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బండ జరిగింది. జరిగినందుకు ఊపిరి తేలికగా రావాలి. రాలేదు. తన రద్దీ వల్లే రాలిపోయిందనుకున్నన్నాళ్లూ, అతను పిలిచాడన్న నమ్మకమైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

ఆదివారం పొద్దున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"చర్చికి రావా అమ్మాయ్?"

"ఈ వారం రాను మామయ్యా. పెనుగంచిప్రోలు దాకా వెళ్లొస్తా."

మాస్టారు బైబిలు గుమ్మం పక్కన పెట్టారు. లోపలికి వెళ్లి, గొడుగు తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కొడుకు పోయినప్పటినుంచీ ఆ ఊరి పేరు వింటే ఆయనకు గొడుగు గుర్తొస్తుంది.

ఆటో దిగేసరికి పదకొండు దాటింది. ఆ మేడ అలాగే ఉంది, కింద గోడ మాత్రం కొత్తగా కట్టి సున్నం వేశారు. ఎదురింటి అరుగు మీద అరవై దాటిన ఆవిడ మిరపకాయల తొడిమలు తీస్తోంది. బసవమ్మ ఇల్లెక్కడని అడిగితే, "నేనే. నువ్వెవరమ్మా?" అంది.

"క్రాంతి వాళ్ల... ఆ మేడ మీద గదిలో ఉండే..."

బసవమ్మ చేతిలో కాయ జారిపోయింది. లేవబోయి, మోకాళ్లు పట్టేసి, కూర్చునే చేతులు చాపింది. కారం చేతులని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "కూకో తల్లీ, కూకో" అని చాట పక్కకు జరిపింది. మనవరాలిని కేకేసి మజ్జిగ తెప్పించింది.

"నీళ్లు నడుముల్లోతు వచ్చినై. ఫోన్లు ఒక్కటీ పలకట్లా. మీ ఆయన కిటికీలోంచి కేకలేసాడు, పైకి రండి, పైన వైఫై ఉంది అని. ఎక్కాం. ముందు ఒకటీ అరా తప్ప కలవలా. అప్పుడు అదేదో చూసి, మా ఆవిడది నడుస్తుందే అని నవ్వి, కట్టేసాడు. అంతే, కలిసినై. వరసలో నిలబెట్టి అందరి చేతా మాట్లాడిచ్చాడు. ఒకళ్లయ్యాక ఒకళ్లు. మందుల తాత ఏడుస్తుంటే ఫోను తనే పట్టుకున్నాడు."

"ఆయన మాట్లాడలేదా పిన్నిగారూ?" అంది జ్యోతి. ఇంకోసారి అడిగింది. "ఆయన ఎవరికీ చెయ్యలేదా?"

"నేనూ అదే అడిగా. నువ్వు చెయ్యవేం నాయనా అని. మా ఆవిడ చర్చిలో ఉంటది పిన్నీ, ఫోను సైలెంటులో పెట్టుద్ది, ఇప్పుడు చేస్తే ఎత్తదు. ఎత్తకపోతే తర్వాత చూసుకుని ఊరికే కంగారుపడుద్ది. పన్నెండున్నరకి బయటికొస్తది, అప్పుడు చేస్తా అన్నాడు."

మజ్జిగ గ్లాసు జ్యోతి రెండు చేతుల మధ్యా కదలకుండా ఉంది.

"నాది అయిపోయింది, మా అమ్మాయితో. అందరివీ అయిపోయినై. ఇంకేముంది, మనమూ గమ్మున కూచుందాం అన్నా. బ్యాటరీ చూసి, ఇది పన్నెండున్నర దాకా ఆగదు పిన్నీ, కింద ఇంకోటుంది, తెస్తా అన్నాడు. ఇప్పుడెందుకయ్యా, అందరం మాట్లాడేసాంగా అన్నా. నా వంతు మిగిలింది పిన్నీ అని దిగాడు." బసవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కారం తగిలి కళ్లు ఇంకా మండాయి. "దిగాడు తల్లీ. గోడ పడ్డ చప్పుడు విన్నాం."

పాత బ్యాటరీ పన్నెండూ ముప్పై నాలుగు దాకా ఆగింది. ఆ సంగతి ఈ లోకంలో జ్యోతికి ఒక్కదానికే తెలుసు. బసవమ్మతో చెప్పలేదు. ఎవరితో చెబుతుంది? పన్నెండున్నరకి చర్చి మెట్ల మీద గొడుగు విప్పుతూ, సైలెంటు తీసి ఫోను బ్యాగులో వేసుకున్నది కూడా ఆమెకు గుర్తుంది. అప్పటికి లైను ఇంకా నాలుగు నిమిషాలు ఉంది.

"నీ పేరు జ్యోతే కదమ్మా? ఆ పొద్దంతా జ్యోతి, జ్యోతి అంటానే ఉన్నాడు."

జ్యోతి తలూపింది. గ్లాసు కింద పెట్టి, చాటలోంచి గుప్పెడు మిరపకాయలు ఒళ్లోకి తీసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. బసవమ్మ చాట ఆమె వైపు జరిపింది. ఇద్దరూ ఆ చాట అయ్యేదాకా కూర్చున్నారు. పన్నెండున్నరకి ఊళ్లో చర్చి వదిలారు. తెల్లచీరల ఆడవాళ్లు బ్యాగుల్లోంచి ఫోన్లు తీసి చూసుకుంటూ మేడ ముందు నుంచి వెళ్లారు.

సోమవారం భవానీప్రసాద్ థీసిస్ చివరి అధ్యాయం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. ఇరవయ్యేడో ఆదివారం అలాగే ఉంది. చుక్క బదులు ఇప్పుడు నిండు పేజీ పట్టిక ఉంది.

"తియ్యలేదా అమ్మా?"

"తియ్యలేదండి. తియ్యడానికి రాయాల్సిన కారణం దొరకలేదు. పది నలభై ఒకటి దాకా ఒక రద్దీ, తర్వాత ఇంకోటి. విడగొట్టి చూస్తే మోడల్ రెండిట్లోనూ సరిపోయింది."

ఆయన కళ్లజోడు సరిచేసుకుని చూశారు. సరిపోయింది. పెన్సిలు పట్టికలో కిందికి దిగుతూ చివరి వరస దగ్గర ఆగింది. "ఈ ఇరవై నాలుగోది ఎందుకు? ప్రయత్నాలు సున్నా. అసలు ప్రయత్నమే చెయ్యనివాణ్ణి ఏ లెక్కలో వేస్తాం?"

"లెక్కలో వెయ్యొద్దండి. లైనులో ఉన్నాడని రాశాను, అంతే. తొమ్మిదీ యాభై రెండు నుంచి పన్నెండూ పదిహేడు దాకా." ఆ వరస మీద వేలు పెట్టింది. "మనది రాలిపోయినవాటిని లెక్కపెట్టే మోడల్ సార్. ఆగినవాళ్లు అందులో కనపడరు."

భవానీప్రసాద్ తలెత్తి ఆమె ముఖం చూశారు. మళ్లీ పట్టిక చూశారు. పక్క గడిలో ఆమె రాసిన కారణాన్ని పైకి చదవబోయి, మధ్యలో ఆగి, మిగతాది మనసులోనే చదువుకున్నారు.

'భార్య చర్చి నుంచి వచ్చాక, పన్నెండున్నరకి చేద్దామని.'

ఆయన పెన్సిలు సొరుగులో పెట్టేసి, పెన్ను తీసి సంతకం చేశారు.